దించిన అంబాసిడర్‌కు ఏ టైరు? ఎందుకు?

2014లో ఉత్పత్తి ఆగిపోయిన అంబాసిడర్ కారును అపురూపంగా చూసుకునేవారిలో కొందరు, దాని వెనుక కమాను పట్టీలను, ముందు టార్షన్ బార్లను, అంటే మెలితిరిగి కుదుపును తట్టుకునే ఉక్కు కడ్డీలను, సవరించి కారు ఎత్తు తగ్గిస్తారు. దానివల్ల టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఖాళీ తగ్గి, గుంతలో పడినప్పుడో స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడో టైరు రేకుకు ఒరుసుకుంటుంది.

టైరుపై 165/80 ఆర్ 15 అని ఉంటే 165 మిల్లీమీటర్లలో వెడల్పు, 80 ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో చెప్పే అంకె, ఆర్ రేడియల్ రకానికి గుర్తు, 15 అంగుళాలలో రిమ్ము వ్యాసం. ఈ లెక్కన పక్కగోడ 132 మి.మీ., టైరు మొత్తం వ్యాసం 645 మి.మీ. అవుతాయి. దాని బదులు 195/60 ఆర్ 15 వేస్తే వ్యాసం 615కు తగ్గి పైన ఖాళీ దొరుకుతుంది గాని, వెడల్పు 30 మి.మీ. పెరగడంతో పక్కన ఒరిపిడి మొదలుకావచ్చు. పైగా చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది కనుక, పెద్ద టైరుకు సరిచేసిన స్పీడోమీటరు 60 చూపినప్పుడు అసలు వేగం దాదాపు 57 మాత్రమే ఉంటుంది.

వ్యాసంలో తగ్గినదానిలో సగం, అంటే మరో 15 మి.మీ., కారు అడుగు దిగడం ఇంకా పెద్ద చిక్కు. పల్లెల దారుల్లో ఎత్తైన స్పీడ్ బ్రేకరు ఎదురైతే సైలెన్సర్ గొట్టమే ముందు తగులుతుంది. అందుచేత అందం కోసం వెడల్పు పెంచడం కన్నా, పాత వ్యాసానికి దగ్గరగా ఉండి, కారు బరువును మోయగల టైరును ఎంచుకోవడమే మేలు.