యంత్ర పరిశ్రమలలో కూలెంట్ స్వయంచాలక నిర్వహణ – చిన్న పెట్టుబడితో వ్యయంలో ఆదా

హైదరాబాద్: బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడలలోని మెషిన్ షాపులలో లోహాన్ని కోసేటప్పుడు పుట్టే వేడిని, రాపిడిని తగ్గించడానికి నీటిలో కరిగే కూలెంట్ నూనెను వాడడం సర్వసాధారణం. ఉత్పత్తి వ్యయంలో కూలెంట్ కొనుగోలు వాటా స్వల్పమే. అయితే నిర్వహణలో అశ్రద్ధ వల్ల కలిగే నష్టం టూళ్లు, తిరస్కరణకు గురైన విడిభాగాలు, వ్యర్థాల తరలింపు వంటి వేర్వేరు పద్దులలో చేరి యజమాని దృష్టికి రాకుండా పోతుంది.

నష్టానికి మూలం

లోహాన్ని, చేసే పనిని బట్టి ద్రావణంలో నూనె సాధారణంగా 5 నుండి 10 శాతం వరకు ఉండాలి. ఇది తగ్గితే యంత్రం, విడిభాగాలు తుప్పు పడతాయి. టూల్ త్వరగా అరుగుతుంది. బాక్టీరియా పెరిగి దుర్వాసన వస్తుంది. ఎక్కువైతే నురుగు పుడుతుంది. కార్మికుల చేతులపై దద్దుర్లు, మంట వంటి చర్మ సమస్యలు తలెత్తుతాయి.

యంత్రం నడిచేటప్పుడు ప్రధానంగా ఆవిరయ్యేది నీరే. అందుచేత తొట్టిలో తిరిగి పోసే ద్రావణం పలుచగా ఉండాలి. బకెట్‌తో అంచనాగా కలిపే చోట ఈ నియమం పాటించబడడం లేదు. ఉదాహరణకు, 20 యంత్రాలున్న యూనిట్‌లో రోజుకు 300 లీటర్ల ద్రావణం పోస్తారనుకుందాం. 3 శాతం సరిపోయే చోట 6 శాతం కలిపితే రోజుకు 9 లీటర్లు, 300 పనిదినాలకు 2,700 లీటర్ల నూనె అదనంగా ఖర్చవుతుంది. లీటరు 200 రూపాయలుగా లెక్కించినా ఇది ఏటా 5 లక్షల 40 వేల రూపాయలు.

స్వయంచాలక పరికరాలు

మొదటి మెట్టు నిష్పత్తి ప్రకారం కలిపే మిక్సర్. నీటి ప్రవాహ పీడనంతోనే పనిచేసే రకాలకు విద్యుత్తు అవసరం లేదు. రెండవది ఆయిల్ స్కిమ్మర్. యంత్రం నుండి కారి కూలెంట్‌పై తేలే నూనెను ఇది తొలగించడం వల్ల ద్రావణం ఎక్కువ కాలం మన్నుతుంది. మూడవది తొట్టి మట్టాన్ని, గాఢతను సెన్సార్లతో నిరంతరం కొలిచి, అవసరమైనంత మేరకే ద్రావణాన్ని నింపే వ్యవస్థ. అనేక యంత్రాలున్న పెద్ద కర్మాగారాలకు వడపోతతో కూడిన కేంద్రీకృత వ్యవస్థ అనుకూలం.

వ్యర్థాల భారం

కూలెంట్ మన్నిక పెరిగితే పారబోసే పరిమాణం తగ్గుతుంది. వాడేసిన నూనె ద్రావణాన్ని మురుగు కాలువలోకి వదలరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం ఇటువంటి వ్యర్థాలను సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకుండా, అనుమతి పొందిన కేంద్రానికి పంపవలసి ఉంటుంది. నూనె కొనుగోలుకు ఒకసారి, అది చెడిపోయాక తరలింపునకు మరొకసారి ఖర్చు చేయవలసి రావడమే ఇక్కడి అసలు భారం.

గమనించవలసిన అంశాలు

రెండు మూడు యంత్రాలున్న యూనిట్లకు ఖరీదైన సెన్సార్ వ్యవస్థ అవసరం లేదు. చేతిలో ఇమిడే రిఫ్రాక్టోమీటర్‌తో ప్రతిదినం గాఢతను కొలిచి, కూలెంట్ తయారీదారు ఇచ్చిన గుణకంతో హెచ్చించి, పుస్తకంలో నమోదు చేస్తే చాలు. బోరు నీటి కాఠిన్యం ఎక్కువగా ఉన్నచోట ముందుగా నీటిని శుద్ధి చేయాలి. లేనిపక్షంలో ఎంతటి పరికరమైనా ఫలితమివ్వదు.

పరికరాలు కొనడానికి ముందు కనీసం మూడు నెలల పాటు నూనె, టూళ్లు, తిరస్కరణలు, వ్యర్థాల ఖర్చును ఒకే పట్టికలో నమోదు చేయడం అవసరం. ఏ మెట్టు వరకు స్వయంచాలకత లాభసాటి అన్నది ఆ లెక్కే నిర్ణయిస్తుంది.