వెనుకబడిన కంప్యూటరు గడియారము



మన పుదూరు ప్రాంతమున ఒక విద్యార్థి పైచదువునకు దరఖాస్తు పంపుటకై పాత కంప్యూటరు ముందు కూర్చుండెను. గడువు సాయంకాలము 5 గంటలు. 4 గంటలకు తెరపై సమయము సరిగానే యుండెను. అప్పుడే యంత్రము మిక్కిలి వేడెక్కుచున్నదని, అది నడుచుచుండగనే దాని ప్రాసెసరు వేగమును తగ్గించిరి. కొంతసేపటికి తెరపై 4 గంటల 48 నిమిషములని కనబడెను. ఇంకను 12 నిమిషములు కలవని అతడు తలచెను. కాని గడువు ముగిసినదను మాట తెరపై వచ్చెను. బయట అప్పటికి 5 గంటలైనది.

ఇందులకు కారణమును తెలిసికొందము. కంప్యూటరులో రెండు గడియారములు కలవు. మొదటిది మదరుబోర్డుపై చిన్న బ్యాటరీతో నడచును. అందలి స్ఫటికము సెకనునకు 32,768 మారులు కంపించును. యంత్రమును ఆపినను ఇది నడచుచునేయుండును. ప్రాసెసరు వేగముతో దీనికి సంబంధము లేదు. రెండవది యంత్రము నడచునంతసేపు లెక్కింపుచేత సాగునది. పాత యంత్రములు కొన్ని ఈ లెక్కకు ప్రాసెసరు స్పందనలనే వాడుకొనును. తెరపై మనము చూచునది ఈ రెండవ గడియారమే.

ఒక బాలుడు నిమిషమునకు 100 అడుగులు నడచుననుకొనుడు. 2,000 అడుగులైనచో 20 నిమిషములు గడచినవని అతడు చెప్పును. అలసి నిమిషమునకు 80 అడుగులే వేయుచు, పాత లెక్కనే పట్టుకొన్నచో, 25 నిమిషములు గడచినను 20 అనియే చెప్పును. కంప్యూటరును అంతే. యంత్రము మొదలగునపుడు తన వేగమును కొలిచి గుర్తుంచుకొనును. సెకనునకు 200 కోట్ల స్పందనలని కొలిచిన పిమ్మట వేగము 160 కోట్లకు తగ్గినచో, 60 నిమిషములు దానికి 48 గానే తోచును. క్రొత్త ప్రాసెసర్లలో ఈ లెక్క వేగముతో మారకుండ ఏర్పాటు చేసియున్నారు. కావున ఈ చిక్కు పాతవాటియందే హెచ్చు.

దోషమును కనుగొను విధము సులభము. సాయంకాలము సమయమును సరిచేసి యంత్రమును ఆపి, విద్యుత్తును తొలగింపుడు. ఉదయము తెరవగనే బయోస్ తెరలో సమయము చూడుడు. అప్పుడే తప్పియున్నచో బ్యాటరీ బలహీనమైనదని ఊహింపవచ్చును, క్రొత్తది వేయింపుడు. ఉదయము సరిగానుండి, నడచుకొలది వెనుకబడినచో లెక్కింపునందే దోషము కలదు. అట్లయినచో వేగమును పూర్వపు విలువకు మార్చి, యంత్రమును ఆపి మరల తెరువుడు. వేగము తగ్గించియే యుంచవలసినచో, మార్చిన వెంటనే ఆపి తెరువుడు. అది క్రొత్త వేగమును కొలుచుకొనును. మార్చుటకు ముందు పాత విలువను కాగితముపై వ్రాసియుంచుట మరువకుడు.

ఇంటర్నెట్టునుండి సమయమును సరిచేసికొను ఏర్పాటును వాడుట మంచిదే. కాని లెక్కింపు దోషము తొలగనిచో గడియారము మరల వెనుకబడుచునేయుండును.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లలు దరఖాస్తు పంపునాడు తెరపై గడియారమునొక్కదానినే నమ్మక, చేతి గడియారమును ప్రక్కన ఉంచుడు. రెండింటికిని భేదము కనబడినచో, గడువునకు ముందే మేలుకొనవచ్చును.