తెల్లవారుజామున అయిదున్నరకు బేస్‌బాల్: సెలవులకు వచ్చిన పిల్లలు దూరం నుంచి సొంత జట్టును ఎలా చూస్తారు?

2023 దసరాకు హోసూరులోని మా ఇంట్లో ఒక చిన్న పేచీ వచ్చింది. ఆయుధపూజ నాడు ఇంట్లోని పనిముట్లు, పుస్తకాలు అన్నీ పూజలో పెడతాం. మర్నాడు విజయదశమి పొద్దున పునఃపూజ చేసి తీసేదాకా వాటిని ముట్టుకోం. డాలస్ నుంచి వచ్చిన మా అన్న కొడుకు ట్యాబ్‌ను కూడా అమ్మ పూజలో పెట్టించింది. పదకొండేళ్ల పిల్లవాడు, కళ్లనీళ్లు ఒక్కటే తక్కువ. "అవ్వా, రేపు తెల్లారి అయిదున్నరకు నా ఆట ఉంది. అప్పుడు ఇస్తావా?" అని అడిగాడు.

ఆ ఒక్క ఆటకు అంత బాధ ఎందుకో మాకు అప్పుడు తెలియదు. తెలుసుకున్నాక ఇక్కడ రాస్తున్నాం. హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్, యానాం, ఊరేదైనా మన ఇళ్లకు అమెరికా నుంచి పిల్లలు సెలవులకు వస్తూనే ఉంటారు. వచ్చినవాడు తెల్లవారుజామున ఫోను పట్టుకుని మూల కూర్చుంటే మనకు కోపం వస్తుంది. వాడు అక్కడ ఏం చూస్తున్నాడో తెలిస్తే ఆ కోపం సగం తగ్గుతుంది.

ముందు ఆట సంగతి

అమెరికాలో పెద్ద బేస్‌బాల్ పోటీని మేజర్ లీగ్ బేస్‌బాల్ అంటారు. 30 జట్లు ఉంటాయి. 29 అమెరికాలో, ఒకటి కెనడాలోని టొరంటోలో. ఒక్కో జట్టు మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా 162 ఆటలు ఆడుతుంది. అంటే దాదాపు రోజూ ఆటే. ఆ తర్వాత అక్టోబరులో నాకౌట్ పోటీలు, చివర ఏడింటిలో నాలుగు గెలిచినవాళ్లకు టైటిల్ దక్కే వరల్డ్ సిరీస్.

క్రికెట్‌కు అలవాటుపడిన మనకు మొదట వింతగా తోచేది ఇదే. మనం ఒక్క మ్యాచ్ ఓడితే రెండు రోజులు దిగులుపడతాం. బేస్‌బాల్‌లో మంచి జట్టు కూడా ఏడాదికి అరవై, డెబ్బై ఆటలు ఓడుతుంది. 2023లో మా పిల్లవాడి జట్టు టెక్సస్ రేంజర్స్ 90 గెలిచి 72 ఓడింది. అయినా ఆ ఏడు ఛాంపియన్ అదే. అందుకే ఈ ఆటను వెంబడించడమంటే పండగలా ఎప్పుడో ఒకసారి చేసేది కాదు, పొద్దున పేపరు చదివినట్టు రోజూ ఉండే పని. పేపరు రాని రోజు మా నాన్న ఎలా ఉంటాడో, ఊరు మారి ఆట అందని రోజు ఆ పిల్లలూ అలాగే ఉంటారు.

ఆట తీరు కష్టమేమీ కాదు. బౌలర్ లాంటివాడు పిచర్. బంతి మంచిచోట పడినా బ్యాటర్ కొట్టలేకపోతే, లేదా ఊపి తప్పితే, అది స్ట్రైక్. మూడు స్ట్రైకులైతే అవుట్. గురి తప్పిన బంతులు నాలుగు వస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు నడిచి వెళతాడు. ముగ్గురు అవుటైతే ఎదుటి జట్టు బ్యాటింగ్‌కు వస్తుంది. రెండు జట్లూ ఇలా ఒక్కోసారి ఆడితే ఒక ఇన్నింగ్స్, మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్. మొదటి, రెండో, మూడో బేస్‌లు తిరిగి బయలుదేరిన చోటికి చేరితే ఒక పరుగు. ఆ చోటు పేరు హోమ్. మా పిల్లవాడు దాన్ని తెలుగులో 'ఇల్లు' అన్నాడు. "ఇల్లు చేరితేనే పరుగు తాతా, మధ్యలో ఆగిపోతే లెక్కలేదు."

గడియారం లెక్క

అక్కడ ఆటలు ఎక్కువగా సాయంత్రం మొదలవుతాయి. వేసవి గడియారం నడిచే నెలల్లో న్యూయార్క్ మనకంటే తొమ్మిదిన్నర గంటలు వెనక, డాలస్, షికాగో పదిన్నర గంటలు, లాస్ ఏంజెలెస్, సియాటిల్ పన్నెండున్నర గంటలు వెనక ఉంటాయి. కాబట్టి అక్కడ సాయంత్రం 7:05 అంటే న్యూయార్క్ ఆటకు మనకు మర్నాడు తెల్లవారుజాము 4:35, డాలస్ ఆటకు 5:35. సియాటిల్‌లో 7:10 అంటే మనకు పొద్దున 7:40. ఆదివారం మధ్యాహ్నం ఆటలైతే మనకు ఆదివారం రాత్రి పదకొండు, పన్నెండు గంటలకు వస్తాయి. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు, తేడా ఇంకో గంట పెరుగుతుంది.

మనకు కలిసొచ్చే విషయం ఒకటుంది. అమెరికాలో చిన్నపిల్లలు స్కూలు రోజుల్లో ఆట చివరిదాకా చూడలేరు, నిద్రపొమ్మంటారు. మన ఊళ్లో ఉన్నవాడికి అదే ఆట తెల్లవారుజామున వస్తుంది, చివరిదాకా చూడొచ్చు. పైగా 2023 నుంచి పిచర్ ఎంతసేపట్లో బంతి వేయాలో గడియారం పెట్టారు. తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున మూడు గంటల పైనుంచి రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది. పాలు కాచే వేళకు మొదలై టిఫిన్ అయ్యేలోపు ముగుస్తుంది. సమానంగా ఉంటే మాత్రం తేలేదాకా ఆడాల్సిందే. 2018 వరల్డ్ సిరీస్ మూడో ఆట 18 ఇన్నింగ్స్, ఏడు గంటల ఇరవై నిమిషాలు సాగింది.

ఎక్కడ చూడాలి, ఎలా వినాలి

లీగ్ వాళ్లకే ఎం.ఎల్.బి. టీవీ అనే చందా ఉంది. ఇందులో ఒక తమాషా ఉంది. ఒక జట్టు ఆటలను దాని సొంత ప్రాంతంలో చూపించే హక్కు అక్కడి ఛానెళ్లు కొనుక్కుంటాయి. అందుకని ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఈ చందాలో సొంత జట్టు ఆట ప్రత్యక్షంగా రాదు. దీన్ని బ్లాకవుట్ అంటారు. డాలస్ ఇంట్లో మా అన్నకు ఆ చందాలో రాని రేంజర్స్ ఆట హోసూరులో వచ్చింది. ఎక్కడ డబ్బు కట్టామన్నది కాదు, ఇప్పుడు ఎక్కడున్నామన్నదే వాళ్లు చూస్తారు. హక్కులు ఏటా మారుతుంటాయి. ప్రయాణానికి ముందే, మనం వెళ్లే దేశంలో ఏమేం వస్తాయో చూసుకుని కొనుక్కోవాలి.

చందా లేకపోయినా దారులున్నాయి. లీగ్ యాప్‌లో గేమ్‌డే అనేదాన్లో ఏ బంతి ఎక్కడ పడింది, ఎవరు ఏ బేస్‌లో ఉన్నారు అన్నది బొమ్మతో, అక్షరాలతో వస్తూ ఉంటుంది. దానికి డబ్బు కట్టక్కర్లేదు. రేడియో వ్యాఖ్యానం ఒక్కటే కావాలంటే టీవీ కంటే తక్కువ చందాకు దొరుకుతుంది. సిగ్నల్ సరిగా లేని పల్లెల్లో, బస్సు ప్రయాణాల్లో ఇదే మేలు. నిద్ర లేవలేనివాళ్లకు ఆట మొత్తాన్ని కొద్ది నిమిషాలకు కుదించిన వీడియోలు తర్వాత పెడతారు. అవి చూసేదాకా ఫలితం కంటపడకుండా స్కోర్లు దాచే ఏర్పాటు యాప్‌లోనే ఉంది.

స్కోరు చదవడం పెద్దవాళ్లూ నేర్చుకోవచ్చు. తొమ్మిది గడుల్లో ఒక్కో ఇన్నింగ్స్ పరుగులు, చివర మూడు అంకెలు ఉంటాయి: పరుగులు, హిట్లు, తప్పులు. ఎక్కువ గడుల్లో సున్నాలే ఉంటాయి. మా అమ్మ అది చూసి "ఇంతసేపు ఆడి అన్నీ సున్నాలేనా?" అంది. ఆ సున్నాల మధ్య ఒక్క మూడో నాలుగో పడితే ఆటంతా తిరిగిపోతుందని తర్వాత తెలిసింది.

దూరం నుంచి వినడం కొత్తది కాదు

మైదానానికి దూరంగా ఉండి ఆటను వెంబడించడం ఫోన్లతో మొదలైంది కాదు. నూరేళ్ల కిందట వరల్డ్ సిరీస్ జరుగుతుంటే న్యూయార్క్‌లో పత్రికాఫీసుల ముందు జనం గుంపులుగా నిలబడేవారు. టెలిగ్రాఫ్‌లో వచ్చిన సంగతిని పెద్ద బోర్డు మీద చూపించేవారు. 1921 ఆగస్టు 5న పిట్స్‌బర్గ్‌లోని కె.డి.కె.ఎ. రేడియో మొదటిసారి మేజర్ లీగ్ ఆటను ప్రసారం చేసింది.

అప్పట్లో వ్యాఖ్యాతలు చాలాసార్లు మైదానానికి వెళ్లేవారు కాదు. స్టూడియోలో కూర్చుని, టెలిగ్రాఫ్ మీద వచ్చిన రెండు ముక్కలను కళ్లెదుట జరుగుతున్నట్టు చెప్పేవారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్ 1930లలో అయోవాలో ఆ పనే చేశారు. ఒకసారి మధ్యలో తీగ ఆగిపోతే, మళ్లీ వచ్చేదాకా బ్యాటర్ చేత ఫౌల్ మీద ఫౌల్ కొట్టించానని ఆయనే చెప్పుకున్నారు.

మనలాంటి వాళ్లు మరీ తెలుసుకోవాల్సినది హైమే హరీన్ కథ. ఆయన ఈక్వడార్ నుంచి 1955లో లాస్ ఏంజెలెస్ వచ్చారు. 1959 నుంచి 2022 దాకా 64 సీజన్లు డాడ్జర్స్ జట్టు ఆటలను స్పానిష్‌లో చెప్పారు. తొలి ఏళ్లలో స్పానిష్ బృందాన్ని బయటి ఊళ్ల ఆటలకు పంపేవారు కాదు. స్టూడియోలో ఇంగ్లీషు వ్యాఖ్యానం చెవిన వేసుకుంటూ, అదే క్షణంలో స్పానిష్‌లో చెప్పేవారు. 1981లో మెక్సికో కుర్రాడు ఫెర్నాండో వాలెన్జులా డాడ్జర్స్ పిచర్‌గా ఊరిని ఊపేసినప్పుడు అతనికి దుబాసీగా నిలబడ్డదీ ఆయనే. ఊరు ఇంగ్లీషుదైనా జట్టు మాదే, మా భాషలోనే వింటాం అనుకున్న ఇళ్లు ఆ నగరంలో లెక్కలేనన్ని.

ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే మాకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తెలుగు వార్తల కోసం పొద్దున్నే ట్రాన్సిస్టర్ ముల్లు అటూ ఇటూ తిప్పి, గరగరల్లోంచి ఆకాశవాణిని పట్టుకున్న తరం మా నాన్నది.

మా ఇంటి వ్యాఖ్యాత

అసలు అన్నావాళ్లు అక్టోబరులో వచ్చింది నాన్న కంటి ఆపరేషన్ కోసం. నల్లద్దాలు పెట్టారు. తెర వైపు ఎక్కువసేపు చూడొద్దని మేమే కట్టడి చేశాం. తెల్లవారుజామున నాన్నకు నిద్ర పట్టదు, పిల్లవాడికి ఆట ఉంటుంది. ఇద్దరూ వసారాలో చేరారు. "ఏమిరా, ఏం జరుగుతా ఉంది?" అని నాన్న అడగడం, వాడు చెవిలో ఇంగ్లీషు వింటూ తెలుగులో చెప్పడం మొదలైంది.

వాడి తెలుగు అప్పటిదాకా "అన్నం వద్దు", "బాగున్నాను" వరకే. ఇప్పుడు చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, మాటలు చాలవు. "తాతా, వాడు దొంగిలించాడు!" అని ఒకరోజు అరిచాడు. "ఏమి దొంగిలించినాడురా?" "రెండో బేస్!" పిచర్ చూడనప్పుడు పరుగెత్తి ముందు బేస్ చేరడాన్ని స్టీల్ అంటారట. అమ్మ వంటింట్లోంచి నవ్వింది. పట్టుకున్నాడు, జారిపోయింది, గోడ దాటింది, అడ్డం పడ్డాడు. రోజుకు నాలుగైదు మాటలు అడిగి తెలుసుకునేవాడు. ఆదివారం ఆన్‌లైన్ తెలుగు తరగతిలో రెండేళ్లుగా రానివి పది రోజుల్లో వచ్చాయి. వాడికి చెప్పాలనిపించిన సంగతి ఉంది, వినేవాడు ఎదురుగా ఉన్నాడు. అంతకుమించి మేం చేసిందేమీ లేదు.

ఇక ఆ పేచీ సంగతి. రేంజర్స్ 1972లో టెక్సస్‌కు వచ్చిన జట్టు. అప్పటిదాకా ఒక్క టైటిల్ లేదు. 2011లో రెండుసార్లు ఒక్క స్ట్రైక్ దూరంలో చేజారింది. 2023లో వరల్డ్ సిరీస్‌కు ముందు మెట్టులో పొరుగున ఉన్న హ్యూస్టన్ ఆస్ట్రోస్‌తో ఆరు ఆటలయ్యేసరికి చెరి మూడు. ఏడో ఆట అక్కడ అక్టోబరు 23 రాత్రి, మనకు విజయదశమి తెల్లవారుజాము. ఆ సంగతి నాన్నే అమ్మకు చెప్పాడు. అమ్మ ఏమీ అనలేదు. నాలుగున్నరకే లేచి తలస్నానం చేసి, దీపం పెట్టి, పునఃపూజ ముగించి, అయిదు ఇరవైకి ట్యాబ్‌కు కుంకుమ బొట్టుతోనే వాడి చేతికిచ్చింది.

రేంజర్స్ 11-4తో గెలిచింది. అడోలిస్ గార్సియా రెండు హోమ్ రన్లు కొట్టాడు. ఆ ఏడు ఆటల్లో ఒక్కటీ సొంత మైదానంలోని జట్టు గెలవలేదు, అన్నీ బయటి నుంచి వచ్చినవాళ్లే గెలిచారు. నవంబరు 2 పొద్దున, ఫీనిక్స్‌లో అరిజోనాను 5-0తో ఓడించి రేంజర్స్ మొదటి టైటిల్ అందుకుంది. ఆ అక్టోబరంతా బయటి ఊళ్లలో ఆడిన 11 ఆటలూ గెలిచింది.

వచ్చే సెలవులకు

మీ ఇంటికీ ఇలాంటి పిల్లలు వస్తుంటే మేం చెప్పేవి నాలుగే. వాళ్లు రాకముందే జట్టు పేరు, ఆటల వేళలు అడిగి గోడ క్యాలెండర్ మీద మన టైములో రాసుకోండి. ఆట చూడని రోజు ఫలితం ముందే చెప్పేయకండి. గుడికో పెళ్లికో వెళ్లాల్సి వస్తే రేడియో వినేలా ఇయర్‌ఫోన్ వెంట ఉంచనివ్వండి. అన్నిటికంటే ముఖ్యం, పక్కన కూర్చుని "ఏమైంది?" అని తెలుగులో అడగండి. తప్పుగా చెప్పినా దిద్దకుండా ఒక ఇన్నింగ్స్ విననివ్వండి.

వాళ్లు వెళ్లిపోయాక వసారా బోసిపోయింది. మరుసటి ఏడు కొత్త సీజన్ మొదలయ్యాక ఒక ఆదివారం సాయంత్రం ఫోను మోగింది. అక్కడ పొద్దున. నాన్న క్షేమసమాచారాలు కూడా అడగలేదు.

"నిన్న రాత్రి మనవాళ్లు ఏం చేసినారురా?" అన్నాడు. అరగంట తెలుగులోనే సాగింది.