పాత సౌర ఫలకము – ఇంటివద్ద పరీక్ష, మరమ్మతు

మేడమీద పదిహేనేండ్లుగా ఎండకు ఎండి, వానకు తడిసిన సౌర ఫలకము ఒకనాడు బ్యాటరీని నింపుట మానినది. ఇంటివారు దానిని పాతసామానులవానికి తూకమునకు వేయబోవుదురు. తొందరపడవలదు. ఫలకములో కదలెడి భాగములు లేవు. రాపిడికి అరిగిపోవునదేమియు లేదు. చాలాసార్లు చెడినది ఘటములు కాక, వెనుకనున్న చిన్న పెట్టెలోని తీగయో, డయోడో అయియుండును. ఒక మల్టీమీటరు, కొంత ఆలోచన ఉన్నచో ఆ సంగతి తేల్చుకొనవచ్చును.

ఫలకములో ఏమున్నది?

1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు సిలికాన్ ఘటమును నిర్మించిరి. అది తనపై పడిన కాంతిశక్తిలో సుమారు 6 శాతమును విద్యుత్తుగా మార్చెను. నేటి ఫలకములలో అనేకము 20 శాతమును దాటినవి. అయినను మూలసూత్రము ఒకటే.

ఒక్కొక్క సిలికాన్ ఘటము, తీగలు దేనికిని కలుపనప్పుడు, సుమారు 0.6 వోల్టులనిచ్చును. 12 వోల్టుల బ్యాటరీకి ఉద్దేశింపబడిన ఫలకములో సాధారణముగా 36 ఘటములు శ్రేణిలో కలుపబడియుండును. కావున మొత్తము 21 లేక 22 వోల్టులు రావలెను. శ్రేణిలో అన్ని ఘటములగుండా ఒకే ప్రవాహము పోవును. కాలువకు ఒకచోట అడ్డుపడినచో దిగువ పొలములకు నీరందనట్లే, ఒక ఘటముపై నీడపడినచో ప్రవాహమంతయు కుంటుపడును. పైగా తక్కిన ఘటముల శక్తి నీడపడిన ఘటములో వేడిగా మారి దానిని మాడ్చును. దీనిని నివారించుటకై తరచుగా 18 ఘటములకొకటి చొప్పున డయోడులను అడ్డదారిగా అమర్చుదురు.

ముందు జాగ్రత్త

వెలుతురు ఉన్నంతసేపు ఫలకమును ఆపుటకు మీట లేదు. అందువలన దళసరి దుప్పటి కప్పి గాని పెట్టెను తెరువరాదు. ఏకముఖ ప్రవాహములో పుట్టిన నిప్పురవ్వ సులభముగా ఆరదు. పెక్కు ఫలకములు శ్రేణిలోనున్న మేడల జోలికి విద్యార్థులు పోరాదు. అచ్చట వందల వోల్టులుండును. ఇచ్చట చెప్పునది విడిగా దించిన ఒక చిన్న ఫలకమును గురించియే.

లోపమును కనిపెట్టుట

ముందుగా అద్దమును నీటితో కడిగి, ఎండలో వోల్టేజిని కొలువవలెను.

1. వోల్టేజి బొత్తిగా లేదు: తీగ తెగినది, లేదా టంకము ఊడినది.

2. 21కి బదులు సుమారు 10 వోల్టులే ఉన్నది: ఒక డయోడు లోలోపల కలిసిపోయి సగము ఘటములను పనిచేయనీయకున్నదని ఊహింపవచ్చును.

3. వోల్టేజి సరిగానున్నది, ప్రవాహము తక్కువ: పలకల మధ్యనున్న పారదర్శక పొర గోధుమరంగుకు తిరిగియుండవచ్చును, లేదా ఘటములు పగిలియుండవచ్చును.

ప్రవాహమును కొలుచుటకు ఫలకమును కప్పి, మీటరును 10 ఆంపియర్ల స్థానమున కలిపి, అటుపిమ్మట దుప్పటి తీయవలెను. 75 వాట్ల ఫలకము నిండు ఎండలో సుమారు 4.5 నుండి 5 ఆంపియర్లనీయవలెను.

ఒక హెచ్చరిక: వేడివలన వోల్టేజి తగ్గును. ఈ తగ్గుదల డిగ్రీకి సుమారు 0.3 శాతము. రెంటచింతల వేసవిలో ఫలకము 65 డిగ్రీలకు వేడెక్కినచో, 25 డిగ్రీలవద్ద 21.6 వోల్టులనిచ్చునది 19 వోల్టులే చూపును. అది లోపము కాదు.

బాగుచేయదగినవి, తగనివి

చెడిన డయోడును తీసి, అంతకు తక్కువకాని ఆంపియర్ల సామర్థ్యముగల షాట్కీ డయోడును టంకముతో అతుకవచ్చును. గీతగల కొన ధనధ్రువమువైపు ఉండవలెను. తుప్పుపట్టిన కొనలను శుభ్రపరచి, పెట్టెలో నీరు చొరకుండ మూయవలెను. కాని అద్దమును, ఘటములను అంటియున్న పొరను విప్పబూనుట వృథా. పలుచని ఘటములు పగిలిపోవును. అద్దము పగిలిన ఫలకములో తేమ చేరి షాకు కొట్టవచ్చును గనుక దానిని వాడరాదు. అట్టిదానిని చెత్తలో పారవేయరాదు. పాత ఫలకములలో సీసము కలిసిన టంకముండును. 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమావళి సౌర ఫలకములకును వర్తించును. కనుక దానిని అనుమతిగల సేకరణ సంస్థకే అప్పగింపవలెను.

మరల ఉపయోగించుట

బలహీనపడిన ఫలకమును క్రొత్తదానితో శ్రేణిలో కలుపరాదు. క్రొత్తదియు పాతదాని ప్రవాహమునకే దిగిపోవును. వోల్టేజి సమానమైనచో సమాంతరముగా కలుపవచ్చును. ఛార్జి కంట్రోలరు, ఫ్యూజు అమర్చి, 12 వోల్టుల బ్యాటరీతో ఒక గదికి దీపము నిచ్చుటకు అట్టి ఫలకము చక్కగా పనికివచ్చును.

ఉపాధ్యాయులు ఈ ప్రయోగమును తరగతిలో చేయింపవచ్చును. బ్యాటరీని నింపుచున్న ఫలకముపై ఒకే ఒక ఘటమును అట్టముక్కతో పూర్తిగా కప్పుడు. ప్రవాహము ఇంచుమించు ఆగిపోవును. 35 ఘటములపై ఎండ ఉండగా ఇట్లేల జరిగినది? డయోడు 18 ఘటములను ప్రక్కకు తప్పించినది. మిగిలిన 18 ఘటములిచ్చు 10 వోల్టులు 12 వోల్టుల బ్యాటరీలోనికి ప్రవాహమును నెట్టజాలవు. డయోడు ఘటమును మాడకుండ కాపాడినదే గాని, బ్యాటరీని నింపలేకపోయినది. ఈ కారణమును తాముగా చెప్పగలిగిన విద్యార్థులకు ఫలకము పనిచేయు తీరు బోధపడినట్లే.