పలకకు లేని గుణము

మార్కాపురపు పలకపై ఓనమాలు దిద్దని తెలుగు బాలుడు ఒకప్పుడు అరుదు. భూగర్భశాస్త్రజ్ఞులు కంభము పేరిట పిలుచు శిలాశ్రేణికి చెందిన ఆ రాయి వంటి పలకరాతితోనే, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో పాశ్చాత్య దేశములందు విద్యుత్ స్విచ్చిబోర్డులు చేసెడివారు. ఏలననగా అది విద్యుత్తును పారనీయదు. దిమ్మను ఉలితో ఎన్ని పొరలుగా చీల్చినను బయటపడు ప్రతి క్రొత్త ముఖమును బంధకమే. లోపల ఏ గుణమో పైనను అదే గుణము.

బిస్మత్ సెలినైడు అను స్ఫటికము ఈ లెక్కకు లొంగదు. అదియు పలకరాయి వలె పొరలుగా చీలునదే. ఒక్కొక్క పొర అయిదు పరమాణు వరుసల మందము, అనగా సుమారు 1 నానోమీటరు. జిగురు టేపు అంటించి లాగిన ఊడివచ్చును. దాని లోపలి భాగము బంధకము, ముఖము మాత్రము వాహకము. ఆ ముఖమును ఒలిచివేసినచో క్రింది ముఖమును వాహకమే! పూసిన పూత అయినచో గీకినపుడు పోవలెను గదా? ఇట్టి పదార్థములకే టోపాలజికల్ ఇన్సులేటరులని పేరు.

కారణము లోపలి ఎలక్ట్రానుల అమరికలో ఉన్నది. బిస్మత్ వంటి బరువైన పరమాణువులలో ఎలక్ట్రాను ఆత్మభ్రమణమునకు, కక్ష్యాచలనమునకు గల బంధము బలమైనది. అందువలన శక్తిపట్టీల వరుస తలక్రిందులగును. ఉపాధ్యాయులు తరగతిలో ఒక పోలిక చూపవచ్చును. కాగితపు పట్టీని ఒకమారు మెలిత్రిప్పి కొనలు అంటింపుడు. లాగినను నలిపినను ఆ మెలిక పోదు, కత్తిరింపవలసినదే. స్ఫటికములో అట్టి మెలిక కలదు, వెలుపలి గాలిలో లేదు. ఆ రెంటి సరిహద్దులో శక్తిపట్టీల నడిమి అంతరము మూతపడక తప్పదు. విద్యుత్తుకు దారి అదే. బంధకము విద్యుత్తును పారనీయదని గిద్దలూరు బడిలో చెప్పు పాఠము తప్పు కాదు గాని, “లోపలనా, పైననా?” అని అడుగు బాలునికి ఇపుడు సమాధానము చెప్పవలసి యున్నది.

2005లో చార్లెస్ కేన్, యూజీన్ మెలే ఈ సిద్ధాంతమునకు పునాది వేసిరి. ఢాకాలో పుట్టిన జాహిద్ హసన్ ప్రిన్‌స్టన్‌లో తన బృందముతో 2008లో బిస్మత్-ఆంటిమొని స్ఫటికముపై, మరుసటి ఏట బిస్మత్ సెలినైడుపై, కాంతిని ప్రసరింపజేసి ఈ ఎలక్ట్రానులను వెలికి రప్పించి పరిశీలించెను. 1905లో ఐన్‌స్టీన్ వివరించిన కాంతివిద్యుత్ ఫలితమే అందుకు సాధనము.

ఈ ముఖముపై ఎలక్ట్రాను పోవు దిశయే దాని ఆత్మభ్రమణమును నిర్ణయించును. అయస్కాంత గుణము లేని మలినము అడ్డుపడినను అది తిన్నగా వెనుకకు మరలజాలదు. ప్రక్కలకు మాత్రము చెదరగలదు. కనుక ఇచట నిరోధమే లేదనుట అత్యుక్తి. మరియొక చిక్కు కలదు. స్ఫటికములో సెలీనియము లోపించిన ఖాళీలు అదనపు ఎలక్ట్రానులను విడిచి, బంధకము కావలసిన లోపలి భాగమునే వాహకము చేయును. అపుడు ముఖపు ప్రవాహమేది, లోపలిదేది? సెలీనియములో చాలవరకు టెల్లూరియముతో మార్చిన స్ఫటికములు 2010లో వచ్చిన పిదపనే ముఖపు వాటా స్పష్టముగా కనబడసాగినది.