విద్యార్థి వివరాలు, కళాశాల నిధులు: నిఘా ఒకవైపేనా?

కళాశాలకు ప్రభుత్వ ధనం చేరే దారులు ప్రధానంగా రెండు. అధ్యాపకుల జీతాలు, నిర్వహణ ఖర్చులు లెక్కగట్టి సంస్థకే నేరుగా ఇచ్చే గ్రాంటు ఒకటి. అర్హులైన విద్యార్థులు ఎందరున్నారో చూసి, ఒక్కొక్కరి పేరున ఫీజు చెల్లించడం మరొకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2008-09లో వెనుకబడిన తరగతులకు, ఇతర పేద కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను విస్తరించిన తర్వాత ఈ రెండో దారే ప్రైవేటు కళాశాలలకు రాజమార్గమైంది. దాంతో చాలా కళాశాలల ఆదాయం విద్యార్థి వివరాలు ఎంత సరిగా నమోదయ్యాయన్న దాని మీదే ఆధారపడుతోంది.

తెలంగాణలో నేటికీ వాడుకలో ఉన్న ఈ-పాస్ పోర్టల్‌లో ఆ నమోదు తీరు స్పష్టంగా కనిపిస్తుంది. దరఖాస్తు పదో తరగతి హాల్‌టికెట్ నంబరుతో మొదలవుతుంది. పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ, మీసేవలో తీసుకున్న కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఆధార్, బ్యాంకు ఖాతా ఒకదాని వెంట ఒకటి దానికి జతపడతాయి. విద్యార్థి వేలిముద్ర వేశాక ప్రిన్సిపాల్ ధ్రువీకరించి పంపితే, జిల్లా సంక్షేమాధికారి పరిశీలించి మంజూరు చేస్తారు. అప్పుడు బిల్లు ఖజానాకు చేరి టోకెన్ పొందుతుంది. టోకెన్ అంటే చెల్లింపు వరుసలో ఆ బిల్లుకు దక్కిన స్థానమే తప్ప సొమ్ము కాదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ ఆధార్‌లో పూర్తిగానూ ఉన్నా, ఆ చిన్న తేడా వల్ల దరఖాస్తు మొదట్లోనే ఆగిపోయే అవకాశం ఉంది.

ఇంత పకడ్బందీ ఏర్పాటు అవసరమా అంటే, అవసరమేనని ఒప్పుకోవాలి. తలకు ఇంతని సొమ్ము వచ్చేచోట తలల సంఖ్యను పెంచి చూపాలన్న ఆశ పుడుతుంది కాబట్టి, చదువు మానేసిన వారి పేర్లు జాబితాలో మిగిలిపోకుండా 75 శాతం హాజరు నిబంధన, బయోమెట్రిక్ తనిఖీ వచ్చాయి. అర్హతనే కాక, ఎంత ఇవ్వాలన్నదాన్ని కూడా ఈ సమాచారమే తేలుస్తుంది. తెలంగాణ ఇంజనీరింగ్ ప్రవేశాల్లో 10,000 లోపు ర్యాంకు వచ్చిన బీసీ విద్యార్థికి పూర్తి ఫీజు దక్కుతుంది. ర్యాంకు అది దాటితే సాధారణంగా 35,000 రూపాయల వరకే వస్తుంది. అంటే ఫీజు లక్ష ఉన్న కళాశాలలో ఒక్క ర్యాంకు తేడాతో ఏటా 65,000 రూపాయల భారం ఇంటిమీద పడుతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఈ పరిమితి లేదు.

సొమ్ము ఎవరి ఖాతాలో పడాలన్నది మరో ప్రశ్న. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన జగనన్న విద్యాదీవెన, కళాశాలను నిలదీసే హక్కు కుటుంబానికి ఉండాలన్న వాదనతో ఫీజును తల్లుల ఖాతాల్లో వేసింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ చెల్లింపు మళ్లీ కళాశాలల వైపు మళ్లింది.

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం విద్యార్థి సమాచారాన్ని వేరే పనికి వాడింది. ఉన్నత విద్యాసంస్థల నిధుల్లో కొంత భాగాన్ని 1979లోనే పనితీరుతో ముడిపెట్టిన ఆ రాష్ట్రం, 2010 చట్టం తర్వాత ఎందరు చేరారన్న లెక్కను పక్కనపెట్టి, ఎందరు ముందుకు సాగారు, ఎందరు పట్టా పుచ్చుకున్నారు అన్నదాన్ని బట్టి నిధులు పంచసాగింది. విశ్వవిద్యాలయాల్లో 30, 60, 90 క్రెడిట్లు, అంటే పూర్తిచేసిన పాఠ్యభారపు కొలతలు, దాటిన విద్యార్థులను మెట్టుమెట్టుకూ లెక్కిస్తారు. సులువుగా గట్టెక్కే పిల్లలనే సంస్థలు చేర్చుకుంటాయన్న భయంతో, పేద విద్యార్థులూ వయసు మీరాక చదువుకు వచ్చినవారూ మెట్టు దాటితే అదనపు విలువ కట్టారు. ఆ సూత్రాన్ని ఇక్కడికి యథాతథంగా తేవడం మాత్రం ప్రమాదమే. స్వయంప్రతిపత్తి గల కళాశాలలు తమ పరీక్షలు తామే పెట్టుకుంటున్నప్పుడు ఉత్తీర్ణతకు సొమ్ము ముడిపెడితే మార్కులకు కొదవ ఉండదు, చదువుకే ఉంటుంది. అయినా హాజరు తగ్గుతున్న విద్యార్థిని సెమిస్టరు మధ్యలోనే గుర్తించి, ఎందుకు రావడంలేదో కనుక్కోవడానికి ఆ సమాచారం పనికొస్తుంది. అర్హత తీసేయడానికి వాడుతున్న అంకెను ఆదుకోవడానికీ వాడవచ్చు.

అంతకంటే పెద్ద లోపం నిఘా ఒకవైపే ఉండటం. విద్యార్థి హాజరు తగ్గినా, పేరులో అక్షరం తప్పినా వ్యవస్థ పట్టుకుంటుంది. టోకెన్ పడ్డ బిల్లు నెలల తరబడి ఖజానాలో మూలుగుతున్నప్పుడు మాత్రం ఎవరి అర్హతా రద్దు కాదు. తెలంగాణలో బకాయిలు వేల కోట్లకు పేరుకుపోయాయి. ఆ బకాయి సాకుతో కళాశాల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేస్తే, అన్ని నిబంధనలూ పాటించిన విద్యార్థి ఉద్యోగంలోనో పైచదువులోనో చేరలేక నిలిచిపోతాడు. ఇది పరిపాలనా జాప్యం కాదు, అన్యాయం. కళాశాలవారీగా మంజూరైన మొత్తం, టోకెన్ పడిన తేదీ, సొమ్ము జమైన తేదీ అందరికీ కనిపించేలా ప్రకటించాలి. మంజూరు ఉత్తర్వు వెలువడిన రోజు నుంచి ఆ ఫీజు ప్రభుత్వం, కళాశాల తేల్చుకోవాల్సిన అప్పుగా మారాలి. దాన్ని చూపి సర్టిఫికెట్ ఆపితే శిక్షార్హమయ్యేలా ఆ ఉత్తర్వులోనే రాయాలి.