పేరు ఒకటే, గద్దె మీద ఎవరు?

నరసరావుపేటలో ఎవరైనా ఫోన్లో తెలుగు వికీపీడియా తెరిచి పల్నాటి యుద్ధం పేజీ చదువుతుంటే, ఆ పేజీని కూర్చి పంపింది పీహెచ్‌పీ అనే స్క్రిప్టింగ్ భాష. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా నడిచేది మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీద. దాని తొలి రూపాన్ని మాగ్నస్ మాన్స్కే అనే జర్మన్ విద్యార్థి పీహెచ్‌పీలో రాశాడు. 2002 జనవరిలో ఆంగ్ల వికీపీడియా దానికి మారింది.

గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో సొంత వెబ్ పేజీ అవసరాలకు రాసుకున్న చిన్న పనిముట్లే పీహెచ్‌పీకి మూలం. 1995 జూన్‌లో వాటిని అందరికీ ఇచ్చేశాడు. వెబ్‌కోసం పుట్టిన ఈ భాషకు కమాండ్ లైన్ రూపం స్థిరపడింది మాత్రం 2002 చివర్లో, 4.3 వెర్షన్‌తో. అప్పట్నుంచి బ్రౌజర్‌తో పనిలేకుండా, నల్లతెర మీద పీహెచ్‌పీ అని కొట్టి స్క్రిప్టులు నడపడం మామూలైంది.

చిక్కల్లా వెర్షన్లతోనే. 2015 డిసెంబరులో వచ్చిన 7.0, మైఎస్‌క్యూఎల్ డేటాబేసుతో మాట్లాడే పాత ఫంక్షన్లను తీసేసింది. వాటినే నమ్ముకున్న సైట్లు 5.6 వదల్లేకపోయాయి. 2020 నవంబరు నాటి 8.0 ఇంకో మెలిక పెట్టింది. సున్నా, ‘మాచర్ల’ అనే మాట రెండూ సమానమేనా అని రెండు సమాన గుర్తులతో అడిగితే, 7 వరకూ పీహెచ్‌పీ అవునంటుంది, 8 కాదంటుంది. కొత్తదే సరైన జవాబని నా అభిప్రాయం. కానీ పాత జవాబు మీద లెక్కలు కట్టుకున్న ప్రోగ్రాము ఏం కావాలి? అందుకే ఒకే సర్వర్‌లో రెండు మూడు వెర్షన్లు పక్కపక్కనే ఉంచుకోవాల్సి వస్తుంది.

పల్నాటి గద్దె తగవు రాజ్యాన్ని పంచి తీర్చాలని చూశారు: నలగామరాజుకు గురజాల, మలిదేవరాజుకు మాచర్ల. కంప్యూటర్లో ఆ వెసులుబాటు లేదు. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండకూడదు.

దీనికి డెబియన్ లినక్స్‌వాళ్లు చేసిన ఉపాయం అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ అనే చిన్న యంత్రం. స్క్రిప్టింగ్ భాష వెర్షన్ల మధ్య తీర్పు చెప్పే ఈ ప్రోగ్రామును మొదట రాసింది కూడా పెర్ల్ అనే స్క్రిప్టింగ్ భాషలోనే. తర్వాత సి భాషలో తిరగరాశారు. పీహెచ్‌పీ అనే పేరు అసలు ప్రోగ్రాము కాదు, లింకు. అది ఈటీసీ ఫోల్డర్‌లోని ఇంకో లింకును చూపిస్తుంది, ఆ రెండోది 7.4నో 8.1నో చూపిస్తుంది. రెండు లింకులెందుకంటే, ప్రోగ్రాముల ఫోల్డరు ప్యాకేజీల సొత్తు, ఈటీసీ సర్వర్ నిర్వాహకుడి సొత్తు. మారేదల్లా రెండోదే.

ఎవరూ చెప్పకపోతే ప్రాధాన్య సంఖ్య పెద్దదైనది గెలుస్తుంది: 7.4కు 74, 8.1కి 81. నిర్వాహకుడు ఒకసారి చేత్తో ఎంచుకున్నాడంటే, తర్వాత ఎంత కొత్త వెర్షన్ దిగినా ఆ ఎంపిక చెదరదు. ఫేస్‌బుక్‌లో తయారైన, పీహెచ్‌పీ స్క్రిప్టులు నడిపే హెచ్‌హెచ్‌వీఎం అనే ఇంజన్ కూడా 60 సంఖ్యతో ఈ గద్దెకు పోటీపడింది. 5.6ను దాటగలదు, 7.0 ముందు ఓడుతుంది. వికీపీడియా సర్వర్లు 2014 చివర్లో ఆ ఇంజన్‌కు మారి, 2019లో మళ్లీ పీహెచ్‌పీ 7కే వచ్చాయి.

అయితే ఈ మీట నల్లతెరకే పరిమితం. వెబ్ పేజీలను వండే పీహెచ్‌పీ వేరే ప్రక్రియగా నడుస్తుంది. లింకు మార్చినా దానికి తెలియదు, దాన్ని విడిగా మార్చాలి. దాని సెట్టింగుల ఫైలు కూడా వేరు. అదనపు ఎక్స్‌టెన్షన్లను ప్రతి వెర్షన్‌కూ విడిగా ఎక్కించాలి. లేకపోతే 8.1కి మార్చిన మరుక్షణం డేటాబేసు డ్రైవర్ లేదని స్క్రిప్టు మొరాయిస్తుంది.

వేళకు పనులు నడిపే క్రాన్ ఇంకో పేచీ. అది వెతికే ఫోల్డర్ల జాబితా మామూలుగా మన తెర మీద ఉన్నదానికంటే పొట్టిది. యూఎస్‌ఆర్ లోకల్‌లో ఎవరో పెట్టిన పీహెచ్‌పీ మనకు ముందు దొరుకుతుంది, క్రాన్‌కు కనిపించదు. మనం వెర్షన్ అడిగితే ఒకటి చెబుతుంది, రాత్రి నడిచేది మరొకటి. అనుభవమున్నవాళ్లు అందుకే క్రాన్ వరుసలో ఉత్త పేరు రాయరు, 8.1 అంకెతో సహా ప్రోగ్రాము పూర్తి చిరునామా రాస్తారు.